నాలుగడుగుల రీఫ్ ట్యాంకుకు రిఫ్యూజియం: కొలతలు, ప్రవాహం, వెలుతురు

కెరటం (హైదరాబాద్):
120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు) కింద 90 × 45 సెంటీమీటర్ల సంప్ (నీటిని శుద్ధి చేసే తొట్టి) పెట్టించి, అందులో ఒక గదిని రిఫ్యూజియంగా, అంటే నాచునూ చిన్న జీవులనూ పెంచే చోటుగా, ఉంచాలనుకుంటున్నాను. నైట్రేట్ తగ్గాలి, మాండరిన్ చేపకు మేతగా సరిపడేంత, అతిచిన్న జీవులైన కోపీపాడ్‌లు కూడా పెరగాలి. ఆ గది ఎంత ఉండాలో, నీరు ఎంత వేగంగా పారాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

తీరవాసి (విశాఖపట్నం):
కెరటం గారూ, అన్నిటికంటే ముందు కరెంటు పోతే పైనుంచి ఎంత నీరు దిగుతుందో లెక్క వేసుకోండి. మీ ట్యాంకులో నీటిమట్టం 3 సెంటీమీటర్లు పడిపోయినా 21 లీటర్లకు పైగా సంప్‌లోకి చేరుతుంది, అంటే సంప్ వైశాల్యం మీద 5 సెంటీమీటర్లకు పైగా ఎత్తు. గొట్టాల్లో నిలిచిన నీరు దీనికి అదనం. నీటిని సంప్ నుంచి ట్యాంకుకు పంపే రిటర్న్ గొట్టం మూతి ఎంత లోతున మునిగి ఉంటే అంతవరకూ నీరు వెనక్కి వస్తుంది కనుక దాన్ని ఉపరితలానికి దగ్గరగా ఉంచండి. నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌ను నమ్ముకోవద్దు, సున్నపు పొర పట్టిందంటే అది సరిగా మూసుకోదు. ఈ ఖాళీ వదిలాక, నురగతో మలినాలను తీసే స్కిమ్మర్‌కూ రిటర్న్ పంపుకూ పోగా మిగిలే చోటంతా రిఫ్యూజియానికే ఇవ్వండి.

పగడపుతోట (డాలస్):
తీరవాసి గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. అయితే మీరు కోరుకున్న రెండూ ఒకే రకమైన ప్రవాహాన్ని అడగవు. కీటో నాచు మెల్లగా దొర్లుతూ అన్ని వైపులా వెలుతురు అందుకుంటేనే బాగా పెరుగుతుంది. కోపీపాడ్‌లకు నీరు నెమ్మదిగా కదిలే రాతి సందులు కావాలి. అందుకే అడుగున రాతి ముక్కలు పరచి, పైన కీటోను ఉంచడం నాకు సరైన మార్గంగా కనిపిస్తుంది. కాలెర్పా అనే మరో నాచు వేగంగా పెరిగినా, ఒక్కోసారి బీజకణాలను వదిలి రాత్రికి రాత్రే తెల్లబడి కరిగిపోతుంది, అప్పటిదాకా పీల్చుకున్న పోషకాలు మళ్లీ నీటిలోనే కలుస్తాయి. కనుక దాని జోలికి వెళ్లకండి.

పైన ట్యాంకు లైట్లు ఆరిపోయాక రిఫ్యూజియం లైటు వెలిగేలా టైమర్ పెట్టండి. ఆ వేళ నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకోవడం వల్ల రాత్రిపూట పీహెచ్ పడిపోవడం తగ్గుతుంది. పెరిగిన నాచును కత్తిరించి బయట పారేసినప్పుడే నైట్రేట్, ఫాస్ఫేట్ నిజంగా వ్యవస్థను వదిలి వెళతాయి. పారేసే ముందు ఆ ఉండను ట్యాంకు నీరు పోసిన తెల్ల బకెట్‌లో ఆడించి చూడండి: నువ్వుగింజ కంటే చిన్న జీవులు గోడల వెంట గెంతుతూ కనిపిస్తాయి. ఆ నీటిని తిరిగి సంప్‌లోనే పోయాలి.

కెరటం:
చాలా ఉపయోగపడే వివరాలు చెప్పారు, ధన్యవాదాలు. రాతి ముక్కలను సముద్రతీరం నుంచి తెచ్చుకోవచ్చా?

తీరవాసి:
వద్దండీ, అవి పగడపు ముక్కలు కావచ్చు. రీఫ్‌లను నిర్మించే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, వాటిని సముద్రం నుంచి తీయడం నేరం. అమ్మేవారు ఏం చెప్పినా, కృత్రిమంగా తయారైన ఎండు రాయినే తీసుకోండి. కోపీపాడ్‌లను విడిగా వదిలితే ఆ రాతిలోనే స్థిరపడతాయి. రాత్రి టార్చి వేస్తే అద్దం నిండా అవి కనిపించే స్థితి వచ్చేదాకా మాండరిన్‌ను తేకండి. చాలా మాండరిన్లు గుళికల మేత ముట్టవు, కోపీపాడ్‌లు చాలకపోతే కళ్లముందే చిక్కిపోతాయి.

పగడపుతోట:
ఇంకొక్క మాట. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా సున్నాకు చేరితే పగడాలు వెలిసిపోవచ్చు, డైనోఫ్లాజెల్లేట్లు అనే బెడద పెట్టే సూక్ష్మజీవులు కూడా తలెత్తవచ్చు. పరీక్షలో అంకెలు మరీ తగ్గుతుంటే నాచు లైటు గంటలు తగ్గించండి.