మొదటి యాప్ చేయించాలి, మూడు కొటేషన్లు వచ్చాయి. ఏ టీమ్‌ను తీసుకోవాలి?

ప్రశ్న: గుంటూరు సభ్యుడు

అందరికీ నమస్కారం. మాది మిర్చి కమిషన్ వ్యాపారం. నేను బీకాం చదివాను, కోడింగ్ రాదు. కోల్డ్ స్టోరేజీల్లో ఉన్న సరుకు వివరాలు (రకం, ఎన్ని టిక్కీలు అంటే మిర్చి బస్తాలు, ఎప్పుడు పెట్టారు, శాంపిల్ ఫొటో) కొనేవాళ్లకు ఫోన్‌లో కనపడేలా యాప్ చేయించాలని ఉంది. ఇప్పుడు ఇదంతా గుమాస్తా పుస్తకంలోనో, వాట్సాప్ గ్రూపుల్లోనో నడుస్తోంది. తేజ రకం మిర్చి లాట్ ఎక్కడుందని ఎవరైనా అడిగితే పది ఫోన్లు చేయాలి.

నేను రాసిచ్చిన ఫీచర్లు: లాట్ల లిస్టు, రోజువారీ ధరలు, వేలం, పేమెంట్లు, కోల్డ్ స్టోరేజీ ఇచ్చే బాండు మీద బ్యాంకు లోను, చాట్.

మాదాపూర్‌లో ఒక కంపెనీ 14 లక్షలు, జీఎస్టీ అదనం అంది. ఆండ్రాయిడ్, ఐఫోన్, వెబ్ మూడూ ఇస్తారట, 5 నెలలు. విజయవాడలో ఇద్దరే ఉన్న చిన్న టీమ్ నాలుగున్నర లక్షలు, 3 నెలలు అన్నారు. మూడోది మా బంధువుల అబ్బాయి, నెలకు 40 వేలు. ఎన్ని నెలలని అడిగితే "చూద్దాం" అంటున్నాడు.

నా దగ్గరున్నది 6 లక్షలు. అందులో సగం నాన్నగారిది కాబట్టి కాస్త టెన్షన్‌గా ఉంది. కొత్త పంట యార్డుకు జోరుగా రాకముందే, అంటే జనవరి ఆఖరుకు, యాప్ చేతికి రావాలి. ఇంకా నాలుగు నెలలుంది.

జవాబు: హైదరాబాద్ సభ్యురాలు (ప్రొడక్ట్ మేనేజర్)

టీమ్ సంగతి తర్వాత, ముందు ఆ లిస్టు కుదించండి. వేలం, పేమెంట్లు, లోను అనేవి ఫీచర్లు కావు, మూడు వేర్వేరు వ్యాపారాలు. లోను అంటే బ్యాంకుతో ఒప్పందం ఉండాలి. పేమెంట్లు అంటే గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర కేవైసీ కావాలి, డబ్బు ఎక్కడైనా ఆగితే రైతు మీ కొట్టుకే వస్తాడు. మొదటి విడతకు లాట్ల లిస్టు, ఫొటో, ఫోన్ చేసే బటన్ చాలు. ఐఫోన్ కూడా ఇప్పుడు వద్దు. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ చేసే ఫ్లటర్‌లో రాయిస్తే తర్వాత అటు తీసుకెళ్లడం పెద్ద ఖర్చు కాదు.

అసలు యాప్ కంటే ముందు, మీకు తెలిసిన రెండు మూడు కోల్డ్ స్టోరేజీల లాట్లు గూగుల్ షీట్‌లో పెట్టి, రోజూ కొనేవాళ్లకు లింకు పంపండి. దాన్నే తెరవనివాళ్లు యాప్‌ను మాత్రం ఎందుకు తెరుస్తారు? తెరిచినవాళ్లు "తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) ఎంతుందో రాయలేదేం?" అని అడిగితే డెవలపర్‌కు రాసిచ్చే కాగితంలో అది చేరుతుంది.

కుదించిన లిస్టు మళ్లీ ముగ్గురికీ పంపండి. ధర ఎంత తగ్గిందో చూడటం కంటే వాళ్లు తిరిగి ఏం అడుగుతారో చూడండి. ఎంట్రీ ఎవరు చేస్తారు, చల్లటి ఛాంబర్ లోపల సిగ్నల్ ఉంటుందా, ఒక లాట్‌లో సగం టిక్కీలే అమ్మితే మిగతావి ఎలా చూపించాలి... ఇలాంటివి అడిగితే మీ పని గురించి కాసేపైనా ఆలోచించారన్నమాట. ఏమీ అడక్కుండా "అయిపోతుంది సార్" అన్నవాళ్లతోనే నాకు భయం.

జవాబు: విజయవాడ సభ్యుడు (డెవలపర్)

అన్నా, నాదీ చిన్న టీమే, అయినా మా బాపతు లోపాలు కూడా చెప్తాను. ఇద్దరున్న టీమ్‌లో ఒకరికి మంచి ఉద్యోగం వస్తే మీ పని సగంలో ఆగుతుంది. పెద్ద కంపెనీలో ఇంకో తంటా. మీటింగ్‌లో మాట్లాడే సీనియర్ ఒకరు, మీ పని చేసే ఫ్రెషర్ ఇంకొకరు. కోడ్ రాయబోయే మనిషితోనే మాట్లాడతానని అడగండి. చూపించకపోతే అక్కడితో వదిలేయండి.

కొటేషన్ చూసి నిర్ణయించకండి. ఇద్దరికి డబ్బిచ్చి చిన్న పని చేయించండి, రెండు వారాలు చాలు. గుమాస్తా ఒక లాట్ ఎక్కించాలి, అది ఇంకో ఫోన్‌లో కనపడాలి, అంతే. డిజైన్ బొమ్మలు వద్దు, నిజంగా నడిచే యాప్ కావాలి. దాన్ని కోల్డ్ స్టోరేజీకే తీసుకెళ్లి సిగ్నల్ లేనిచోట ఎంట్రీ చేయించండి, బయటికొచ్చాక దానంతటదే చేరుతుందో లేదో తెలిసిపోతుంది. ఒక్కొక్కరికీ పాతిక ముప్పై వేలు అవ్వొచ్చు. నాలుగున్నర లక్షలు ఒకేసారి పోగొట్టుకోవడం కంటే నయం. ఫ్రీగా మాత్రం అడక్కండి. ఫ్రీ పని ఎవరూ మనసు పెట్టి చేయరు, వాళ్ల అసలు తీరు మీకు తెలియదు.

పాత క్లయింట్లకు ఫోన్ చేసినప్పుడు "యాప్ బాగుందా" అని కాకుండా "రిలీజయ్యాక పాడైతే ఎన్నాళ్లకు బాగుచేశారు" అని అడగండి. వాళ్లు చేసిన యాప్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో ప్లే స్టోర్‌లోనే కనపడుతుంది. యాప్ ఒకసారి కట్టి వదిలేసేది కాదు. టార్గెట్ ఏపీఐ లెవెల్‌ను, అంటే యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కు తగ్గట్టు ఉండాలనే కనీస స్థాయిని, గూగుల్ ఏటా పెంచుతుంది. బాగా వెనకబడిన యాప్ కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్నవాళ్లకు స్టోర్‌లో దొరకదు. అందుకే మెయింటెనెన్స్ నెలకెంతో ఇప్పుడే రాయించుకోండి, తర్వాత బేరానికి బలం ఉండదు.

బంధువుల అబ్బాయి వద్దనే నా మాట. నెల జీతం పద్ధతి పని చెప్పి చేయించుకోవడం వచ్చినవాళ్లకే కుదురుతుంది. పైగా రేపు నచ్చకపోతే మానిపించనూ లేరు, ప్రతి పెళ్లిలోనూ ఎదురుపడాలి.

జవాబు: కాకినాడ సభ్యుడు (కంపెనీ సెక్రటరీ)

పైవాళ్లు వదిలేసింది చెప్తాను. డబ్బులిచ్చాం కాబట్టి కోడ్ మనదే అనుకుంటారు చాలామంది. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసింది యజమానికి చెందుతుంది. బయటి కాంట్రాక్టర్ రాసిన కోడ్‌కు మామూలుగా మొదటి హక్కుదారు ఆ కాంట్రాక్టరే. మీ పేరిట మారాలంటే రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయించుకోవాలి. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే సెక్షన్ 19 కింద అయిదేళ్లనే లెక్క, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. కాబట్టి "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని స్పష్టంగా ఉండాలి. చిన్న టీమ్‌కు కంపెనీ లేకపోతే ఇద్దరి చేతా విడివిడిగా సంతకం పెట్టించండి.

కాగితం కంటే ముఖ్యమైనవి ఖాతాలు. డొమైన్, సర్వర్, కోడ్ ఉండే గిట్‌హబ్, యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టే ప్లే కన్సోల్ అన్నీ మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో తెరిచి, టీమ్‌కు అనుమతి మాత్రమే ఇవ్వండి. మా క్లయింటు ఒకాయన యాప్ డెవలపర్ ఖాతాలో ఉండిపోయింది. మాట పట్టింపులొచ్చాక ఆ డెవలపర్ ఫోన్ ఎత్తలేదు. చివరికి కొత్త పేరుతో యాప్ పెట్టి, వాడేవాళ్లందరి చేతా మళ్లీ ఇన్‌స్టాల్ చేయించాల్సి వచ్చింది.

ప్లే కన్సోల్‌కు ఒక్కసారి 25 డాలర్లు. కంపెనీ పేరిట తీయాలంటే డన్స్ నంబరు (కంపెనీలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) అడుగుతారు, దానికి వారాలు పట్టొచ్చు. సొంత పేరిట కొత్తగా తీస్తే కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (మీరు పిలిచినవాళ్లే వాడి చూసే పరీక్ష) జరిగాకే అందరికీ విడుదల చేయడానికి అప్లై చేసుకోనిస్తారు. జనవరి ఆఖరు అనుకుంటే ఆ రోజులూ లెక్కలో వేసుకోండి.

గుంటూరు సభ్యుడు:

అందరికీ థాంక్సండీ. లిస్టు కుదించి పంపాను. మాదాపూర్ వాళ్లు 9 లక్షలకు దిగారు, ప్రశ్నలేమీ లేవు. విజయవాడ వాళ్లు సగం లాట్ అమ్మకం గురించి అడిగారు, ఫొటో సైజు గురించి కూడా. అయితే కొత్త మాట ఒకటి తెచ్చారు: రెండున్నర లక్షలు ఇస్తే చాలు, 10 శాతం వాటా ఇవ్వమంటున్నారు. ఇవ్వొచ్చా? ఇంకోటి, లాగిన్ ఓటీపీకి ఏం చేయాలి?

జవాబు: కాకినాడ సభ్యుడు

యాప్ కోసం కంపెనీ రిజిస్టర్ చేసినట్టు మీరెక్కడా చెప్పలేదు కదండీ, దేంట్లో 10 శాతం? పని చేసి వెళ్లిపోయేవాళ్లకు డబ్బే ఇవ్వండి. వాళ్లలో ఒకరు నిజంగా మీతోనే ఉండి నడిపిస్తానంటే అది వేరే చర్చ. అప్పుడైనా నాలుగేళ్ల మీద కొద్దికొద్దిగా దక్కేలా, మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకోవాలి.

జవాబు: డాలస్ సభ్యుడు

వాటా బదులు ఇంకోటి చేయొచ్చు. మీకు కోడ్ తెలియదు కాబట్టి, ఈ టీమ్‌తో సంబంధం లేని డెవలపర్ ఒకరికి నెలకు కొన్ని గంటలకు డబ్బిచ్చి కోడ్ చూపించండి. కొత్త కంప్యూటర్లో గిట్‌హబ్ నుంచి దించి యాప్ బిల్డ్ చేయగలుగుతున్నారా అన్నది మొదట చూడమనండి. ఆ సంగతి తేలాకే తర్వాతి విడత డబ్బు. విడతల్ని కూడా తేదీలతో కాకుండా నడిచే పనితో ముడిపెట్టండి. చివరి 15 శాతం, యాప్ బయటికొచ్చి నెల గడిచాక ఇస్తానని ముందే చెప్పండి.

జవాబు: విజయవాడ సభ్యుడు

ఎస్ఎంఎస్‌లో పంపే ఓటీపీకి మన దేశంలో డీఎల్‌టీ (వ్యాపార మెసేజ్‌లు పంపేవాళ్లను నమోదు చేసే పద్ధతి) రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నా. టెలికాం కంపెనీ పోర్టల్‌లో మీ వ్యాపారం పేరు, హెడర్ (మెసేజ్ పంపినవాళ్లుగా కనపడే పేరు), మెసేజ్ టెంప్లేట్ (ముందే ఖాయం చేసిన మెసేజ్ మాటలు) ఆమోదం పొందాలి. టీమ్ వాళ్ల పేరిట కాకుండా మీ పేరిటే చేయండి. పాన్, జీఎస్టీ కాగితాలు దగ్గర పెట్టుకుని ఈ వారమే మొదలుపెట్టండి. టెంప్లేట్‌లో ఒక్క పదం తేడా ఉన్నా మెసేజ్ వెళ్లదు, అందుకని తెలుగులో పంపాలనుకుంటే ఆ టెంప్లేట్ కూడా ఇప్పుడే పెట్టేయండి.