బోటు ఖాళీగా ఎగురుతోంది, ఎప్పుడూ పక్కకి లాగుతోంది: ఎక్కడ చూడాలి?

గౌతమి_గట్టు:
అందరికీ నమస్కారం అండి. యానాం దగ్గర గౌతమి మీద మాకు 16 అడుగుల ఫైబర్ బోటు ఉంది. వెనక 25 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజిను, చేత్తో పట్టుకుని తిప్పే టిల్లరే. లంకలో కొబ్బరితోట ఉంది, మనుషులైనా కాయలైనా దాంట్లోనే రావాలి. ఇన్నేళ్ళూ ఏ పేచీ పెట్టలేదు. మొన్న వేట నిషేధం రోజుల్లో (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14) అందరి బోట్లతోపాటు మాదీ ఒడ్డుకి లాగించి, ఇంజిను బిగించే వెనక బోర్డు పైఅంచు పాడైతే బాగుచేయించి, రంగులు వేయించాం. నీళ్ళలో దింపిన దగ్గర్నుంచీ గొడవే.

ఖాళీగా వెళ్తూ సగం థ్రాటిల్ దాటిస్తే ముక్కు లేస్తుంది, దబ్బున పడుతుంది, మళ్ళీ లేస్తుంది. ఎడమకి గట్టిగా తిప్పితే ఇంజిను కూతపెడుతుంది గానీ బోటు కదలదు. పైగా ఎప్పుడూ కుడికే లాగుతోంది, తోటకి వెళ్ళేసరికి నా మోచెయ్యి పీకేస్తోంది. మెకానిక్ కార్బరేటర్ కడిగాడు, ప్లగ్గులు మార్చాడు. ఏమీ తేడా లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

భైరవపాలెం_కుర్రోడు:
అన్నా, కూత అన్నావు కదా, ముందు ఫ్యాను (ప్రొపెల్లర్) బుష్ చూడు. ఫ్యాను మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది, రాయికో మొద్దుకో తగిలినప్పుడు గేర్లు పోకుండా అది జారుతుంది. ఒకసారి జారడం మొదలెట్టిందంటే బరువు పడ్డప్పుడల్లా జారుతుంది. నాది అలాగే పోయింది. మా ఆవిడ గోళ్ళరంగు తీసుకుని ఫ్యాను వెనక, లోపలి ఇత్తడి గొట్టం మీంచి బయటి బొడ్డు మీదకి ఒకే గీత గీశాను. నదిలో రెండు రౌండ్లు కొట్టి వచ్చి చూస్తే గీత రెండు ముక్కలై, ఒకదానికొకటి బెత్తెడు దూరంలో ఉన్నాయి. గీత కలిసే ఉంటే నీ బుష్ బాగున్నట్టే.

పాత_సరంగు:
కుర్రోడు మంచి పరీక్ష చెప్పాడు, చెయ్యి బాబూ. కానీ నువ్వు చెప్పినవి ఒకటి కాదు, మూడు. విడివిడిగా చూడాలి.

తిన్నగా పోయేటప్పుడు పట్టు ఉండి, తిప్పినప్పుడే పోతోందంటే ఫ్యాను పైనుంచి గాలి మింగుతోంది. ఇంజిను కాలికి, అంటే నీళ్ళలోకి దిగే భాగానికి, ఫ్యాను పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది చూడు, పైనుంచి గాలి ఫ్యాను దాకా దిగకుండా ఆపడానికే అది. బోటు అడుక్కి ఆనించి ఒక తిన్నని చెక్క వెనక్కి పొడుచుకొచ్చేలా పెట్టు. పలక ఆ చెక్కకి సమానంగా గానీ, అంగుళం దాకా కిందికి గానీ ఉండాలి. పైకి ఉందంటే మలుపులో బోటు ఒరగగానే గాలి దూరుతుంది.

ముక్కు ఎగరడానికి ఎక్కువసార్లు కారణం వెనక బరువు, లేదా ఇంజిను బయటికి వంగి ఉండడం. బ్రాకెట్‌లో ఇంజిను వంపు మార్చే పిన్ను ఎన్నో రంధ్రంలో ఉందో చూడు. పెట్రోలు ట్యాంకు, లంగరు, బ్యాటరీ ఎక్కడ పెడుతున్నావు? వెనక బోర్డు బాగుచేసినప్పుడు అసలు ఏం చేశారు? అది నువ్వు చెప్పలేదు. నాకు అక్కడే అనుమానం.

తాళ్ళరేవు_పడవ:
ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. నీళ్ళు మరీ తక్కువ ఉన్నచోట ఏ బోటైనా బరువుగానే పోతుంది. వెనక భాగం కూరుకుపోతుంది, అల పెద్దదవుతుంది. మా కోరంగి పాయల్లో పాటు దిగాక ఇసుకమేట మీదుగా వెళ్తే కొత్త ఇంజిను కూడా ముసలిదైపోయినట్టు అనిపిస్తుంది. అదే దారిలో పోటు మీద వెళ్ళి చూడండి. గుర్రపుడెక్క కాడ ఒక్కటి కాలికి చుట్టుకున్నా ఫ్యానుకి గాలి తగులుతుంది. ఎత్తి చూడకుండా ఏదీ మార్చకండి.

పరీక్ష పొద్దున్నే చేయండి. మధ్యాహ్నం సముద్రం గాలి లోపలికి కొడుతుంది, అప్పుడు పాటు ఉంటే అది బయటికి లాగుతుంది. రెండూ ఎదురెదురు పడితే పొట్టి అలలు నిలువుగా లేస్తాయి. ఆ నీళ్ళలో ఏ బోటైనా ఎగురుతుంది, తప్పు బోటుదో నీళ్ళదో తెలీదు.

ఓడలరేవు_వైనతేయ:
పిన్ను లోపలికి మార్చేముందు ఒక మాట అండి. మాది ముక్కు ఎగురుతోందని ఒకేసారి రెండు రంధ్రాలు లోపలికి మార్చి, సామానంతా ముందుకి నెట్టేశాం. ఎగరడం ఆగింది. కానీ వేగంలో ముక్కు నీళ్ళలో దిగబడి, అదే చుక్కానిలా పనిచేసి, బోటు గిర్రున తిరిగిపోయింది. టిల్లర్ పట్టుకున్న మా తమ్ముడు నీళ్ళలో పడ్డాడు. ఇంజిను ఆపే ఎర్రతాడు చేతికి కట్టుకుని ఉన్నాడు కాబట్టి ఫ్యాను ఆగిపోయింది. లేకపోతే ఆ బోటు చుట్టూ తిరిగి వాడి మీదకే వచ్చేది. నాకిప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే చేతులు వణుకుతాయి. దయచేసి తాడు కట్టుకోండి, ఒక్కో రంధ్రమే మార్చండి, లైఫ్ జాకెట్ వేసుకోండి.

గౌతమి_గట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండి. గోళ్ళరంగు గీత కదల్లేదు, బుష్ బాగానే ఉంది. చెక్క పెట్టి చూశాం. పలక చెక్క కంటే నాలుగున్నర సెంటీమీటర్లు పైన ఉంది! సరంగు గారూ, మీ అనుమానం నిజమే. పాడైన అంచు కోయకుండా, దాని మీదే ఐదు సెంటీమీటర్ల టేకు పట్టీ వేసి ఫైబర్ చుట్టేశారట. ఇంజిను దాని మీద కూర్చుంది. అంటే ముందు సరిగ్గానే ఉన్నదాన్ని మేమే పైకి లేపాం. పిన్నేమో చిట్టచివరి బయటి రంధ్రంలో ఉంది. ట్యాంకు వెనకే, లంగరూ వెనకే.

పాత_సరంగు:
చూశావా, నీది 20 అంగుళాల కాలు అయ్యుంటుంది, బోర్డు ఎత్తేమో దాదాపు 22 అయింది. ముందు ఎత్తు ఒక్కటే సరిచెయ్యి. ఆ రోజుకి పిన్ను ముట్టుకోకు. వెళ్ళి చూడు. తరవాత పిన్ను, ఆ తరవాత బరువు. అన్నీ ఒకేరోజు మారిస్తే దేనికి దారిలోకి వచ్చిందో తెలీదు. కుడికి లాగడం చివర్న చూద్దాం. ఆ పలక కింద చిన్న రెక్క ఉంటుంది, దాన్నే తిప్పి సరిచేస్తారు. పలకే నీళ్ళలో లేకపోతే ఆ రెక్కకి పట్టెక్కడిది?

గౌతమి_గట్టు:
వారం పట్టింది, వరసగా చెప్తాను.

పట్టీ కోయించి, బోల్టుల రంధ్రాలకి సీలెంట్ కొట్టి ఇంజిను దింపాం. ఎడమ మలుపులో కూత పూర్తిగా పోయింది. మర్నాడు పిన్ను ఒక్క రంధ్రం లోపలికి. ముప్పావు థ్రాటిల్ దాకా ఎగరడం లేదు. ట్యాంకు మధ్య బల్ల కిందికి మార్చాక ఆపైన ఎగరడం కూడా పోయింది.

లాగడం సగం తగ్గింది. రెక్క చూస్తే మా రంగులవాడు దానికి కూడా తెల్ల పెయింటు వేసేశాడు, పైగా వంకరగా బిగించి ఉంది.

భైరవపాలెం_కుర్రోడు:
పెయింటు గీకెయ్ అన్నా! మాలాంటి ఇంజిన్లకి ఆ రెక్కే జింకు. ఉప్పునీళ్ళు ఇంజిను కాలుని తినెయ్యకుండా ముందు అది అరగాలి. పెయింటు ఉంటే అది పనిచెయ్యదు, ఉప్పు కాలునే తినేస్తుంది. బోటు కుడికి లాగుతోందంటే రెక్క తోక కూడా కుడికే తిప్పాలి. కొంచెం కొంచెం తిప్పి చూడు.

గౌతమి_గట్టు:
గీకాం తమ్ముడూ. తోక కుడికి రెండుసార్లు కొద్దికొద్దిగా తిప్పాక ఇప్పుడు రెండు వేళ్ళతో పట్టుకుంటే చాలు.

ఇంకొక్కటి మిగిలింది. ఇదివరకు మేం నలుగురం లాగితే ఒడ్డెక్కేది. ఇప్పుడు ఆరుగురం లాగినా కదలట్లేదు.

పాత_సరంగు:
అది మంచి గుర్తు కాదు బాబూ. వెనక బోర్డు లోపలి ప్లైవుడ్ గానీ, నేల కింద ఫోమ్ గానీ నీళ్ళు తాగింది. సుత్తి పిడితో తట్టు. గట్టి చోట టక్కుమంటుంది, కుళ్ళిన చోట మొద్దుగా పలుకుతుంది. బోర్డు లోపలివైపు బాగా కింద సన్నటి డ్రిల్ వేసి చూడు. పొడి రంపపు పొట్టు వస్తే అదృష్టం.

గౌతమి_గట్టు:
ఇప్పుడే వేశాం. పొట్టు రాలేదు. టీ రంగు నీళ్ళు సన్నగా కారుతున్నాయి, బురద వాసన. డ్రిల్ తీసినా ఆగట్లేదు, కింద చెంబు పెడితే సగం నిండింది.

పాత_సరంగు:
ఇంజిను దింపెయ్. ధవళేశ్వరం నుంచి వరద వదిలే రోజులు దగ్గరికొస్తున్నాయి. కుళ్ళిన బోర్డు మీద 25 హెచ్‌పీ పెట్టుకుని ఆ ఎర్రనీళ్ళలోకి వెళ్ళకు.

గౌతమి_గట్టు:
దింపేశాం అండి. ఇంజిను పశువుల పాకలో చెక్క మీద కట్టి ఉంది. కాయలకి మా బాబాయి నావ అడిగాం, రేపటి నుంచి దాంట్లోనే. బోర్డు మొత్తం విప్పాక ఫోటోలు పెడతాను.