వంటింటి సింకు కింద ఏ పైపు వేయించాలి?

బ్రాడీపేట అమ్మమ్మ:

మాది గుంటూరు, 1991లో కట్టిన ఇల్లు. వంటగట్టు కింద గోడ మూడు నెలలుగా చెమ్మ పట్టి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. వాన చెమ్మ అనుకుంటూ వచ్చాను. ఏప్రిల్లో వాన ఎక్కడిదని మా వారు నవ్వాక గానీ అనుమానం రాలేదు. మొన్న గోడ కొట్టించి చూస్తే, సింకు నీళ్లు బయటికి పోయే జీఐ (జింకు పూత ఇనుప) పైపు పైవైపు బాగానే ఉంది, అడుగు మాత్రం తుప్పు తిని జల్లెడైపోయింది. లోపల తుప్పూ జిడ్డూ కలిసి గట్టిపడి నా చిటికెన వేలు కూడా దూరలేదు. ఇన్నేళ్లూ అందులోంచి నీళ్లు ఎలా పోయాయో భగవంతుడికే తెలియాలి.

ఇప్పుడు ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. ప్లంబరు ముడతల ఫ్లెక్సిబుల్ పైపు చేత పట్టుకునే వచ్చాడు, అరగంటలో పని అయిపోతుందట. హార్డ్‌వేర్ కొట్టు ఆయన సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు తప్ప ఏదీ పనికిరాదంటాడు. అమెరికాలో ఉన్న అల్లుడు తన సింకు కిందికి ఫోను పెట్టి చూపించి, ఇలాంటి ఇత్తడి వంపు పైపు పెట్టించండి అత్తయ్యా అన్నాడు.

నా సంగతి చెబుతాను. రోజూ పొద్దున రెండు గ్లాసుల బియ్యం వార్చి, గంజిని పొయ్యి మీద నుంచి దించింది దించినట్టే సింకులో పోస్తాను. కుక్కరు వాడమని సలహా ఇవ్వకండి, మా వారికి వార్చిన అన్నమే కావాలి. సింకు నుంచి పెరటి మురుగు చాంబరుకు తొమ్మిది అడుగులు. పెరట్లో పందికొక్కులున్నాయి. నాకు 67 ఏళ్లు, ఈ గోడ మళ్లీ కొట్టించే ఓపిక లేదు.

తెనాలి మేస్త్రి:

నమస్కారం అమ్మా. ఇరవై రెండేళ్లుగా నాది ఇదే పని. ఆ ఫ్లెక్సిబుల్ పైపును వచ్చిన దారినే పంపించండి. దాని ప్రతి ముడతలోనూ జిడ్డు ఆగుతుంది. గంజి చల్లారితే పోస్టర్లు అంటించే జిగురే కదా, అక్కడే పట్టుకుంటుంది. వేడికి పైపు మెత్తబడి మధ్యలో కుంగుతుంది, ఆ కుంగిన చోట నీళ్లు నిలుస్తాయి. ఇక పందికొక్కుకు అది చెరుకు ముక్క.

సీపీవీసీ మంచి పైపే, కాదనను. కానీ అది గీజరు నుంచి కుళాయికి ఒత్తిడితో వచ్చే వేడినీళ్ల కోసం. మీ పైపులో ఒత్తిడి ఏముంది? నీళ్లు వాలుకు జారిపోతాయి, అంతే. పైగా దాని కొలతలు వేరు, మురుగు లైనుకు కావలసిన బెండులు అందులో రావు.

గోడలోకి 50 మి.మీ. ఎస్‌డబ్ల్యూఆర్ పైపు, అంటే మురుగు నీళ్ల పీవీసీ పైపు, వేయించండి. దాని మీద భారత ప్రమాణం నంబరు ఐఎస్ 13592 అనీ, టైప్ బి అనీ అచ్చు ఉండాలి. టైప్ ఎ వాననీళ్లకు, గాలి గొట్టాలకు. రంగు ఒకటే, ఆకారం ఒకటే, మందమే తక్కువ. కొట్టులో ధర బాగా తగ్గించి చెబితే ముందు ఆ అక్షరం చూడండి.

కూకట్‌పల్లి రెండో అంతస్తు:

అల్లుడు గారి ఇత్తడి గురించి నా అనుభవం. మెరుపు చూసి ముచ్చటపడి క్రోమ్ పూత ఉన్న ఇత్తడి బాటిల్ ట్రాప్ (కంపు పైకి రాకుండా సింకు కింద నీళ్లు నిలిపే సీసా ఆకారపు భాగం) కొన్నాను. లోపల రేకంత మందం. నాలుగో ఏట మర బిగించే చోట సన్నగా కారడం మొదలుపెట్టింది. తప్పు నాదీ ఉంది. నీళ్లు ఆగినప్పుడల్లా కాలువ శుభ్రం చేసే పొడి వేసి వేడినీళ్లు పోసేవాడిని. దానిలో ఉండేది కాస్టిక్ సోడా. మామూలు నీళ్లు తగిలినా బాగా వేడెక్కుతుంది, నేను దానికి మరిగే నీళ్లు కూడా జోడించాను. ఒకసారి పొంగి చేతి మీద పడింది, మచ్చ ఇంకా పోలేదు. అమ్మా, ఏ పైపు వేయించినా ఆ పొడి జోలికి పోకండి. ఇప్పుడు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన తెల్లటి ట్రాప్ ఉంది. నెలకోసారి చేత్తోనే తిప్పి తీసి కడుగుతాను, పానా అవసరం లేదు.

రసమట్టం:

మేస్త్రి గారి మాటే నాదీ, ఒక్కటి కలుపుతాను. పీవీసీ నిలకడగా తట్టుకునేది 60 డిగ్రీల వరకే. దించిన గంజి దాదాపు మరుగుతూనే ఉంటుంది. కానీ మీరు పోసేది ఒక గిన్నె, అదీ నిమిషంలోపు. వేడి దెబ్బ ఎక్కువగా తగిలేది ట్రాప్‌కూ, దాని తర్వాతి అడుగు రెండడుగులకూ. అంతవరకు పాలీప్రొపిలీన్ పెట్టి, అక్కడి నుంచి ఎస్‌డబ్ల్యూఆర్ వేస్తే చాలు. పాలీప్రొపిలీన్‌కు పీవీసీ పైపులు అతికించే పేస్టు అంటదు, రబ్బరు రింగుతోనే కలపాలి. పేస్టు పూసేస్తానని మీ ప్లంబరు అంటే చెయ్యి పట్టుకుని ఆపండి.

ట్రాప్ మాత్రం బాటిల్ వద్దు, వంపు తిరిగిన పి-ట్రాప్ పెట్టించండి. బాటిల్ అడుగున గంజి పేరుకుంటుంది, వంపులో అయితే నీటి ఉరవడికే కొట్టుకుపోతుంది. ఆకారం విషయంలో మీ అల్లుడిదే ఒప్పు. ఆ వంపులో 50 మి.మీ. నీళ్లు నిలిచి ఉంటేనే కంపూ బొద్దింకలూ పైకి రావు.

వాలు అడుగుకు పావు అంగుళం, అంటే మీ తొమ్మిది అడుగులకు రెండుంబావు. కంటితో చూసి సరిపోయిందనడం కుదరదు, రసమట్టం పెట్టించండి. వేడికి ఆ పొడవు పైపు 5, 6 మి.మీ. సాగుతుంది, మధ్యలో ఒక రింగు జాయింటు ఉంటే మంచిది.

తెనాలి మేస్త్రి:

సార్, గోడలో రింగు వద్దు. పైపు మూడు మీటర్లది దొరుకుతుంది, తొమ్మిది అడుగులకు ఒకే ముక్క సరిపోతుంది. గోడలో అతుకే లేకపోతే కారేదేముంది? సాగడానికి బయట, చాంబరు వైపు రింగు పెడదాం. అక్కడే మలుపులో తలుపు ఉన్న బెండు వేయిస్తే, ఎప్పుడైనా అడ్డుపడినా గోడ ముట్టుకోకుండా కడ్డీ పెట్టి తీయవచ్చు.

రసమట్టం:

ఒకే ముక్క సంగతి నాకు తట్టలేదు. అలాగే చేయండి.

బ్రాడీపేట అమ్మమ్మ:

పని నిన్నటితో అయిపోయింది. మీ మాటలన్నీ కాగితం మీద రాసుకుని కొట్టుకు వెళ్లాను. మొదట టైప్ ఎ తీసి ఇచ్చారు. అక్షరం చూపించాక లోపలి నుంచి ఇంకొకటి వచ్చింది. ప్లంబరు రసమట్టం తేలేదు, ఎదురింట్లో టైల్స్ వేస్తున్న కుర్రాడి దగ్గర అడిగి తెచ్చాను. తన లెక్క ప్రకారం వేసినది చాంబరు వైపు అర అంగుళం ఎత్తుగా ఉందని తేలాక ఇక మారు మాట్లాడలేదు.

సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదిలి, అతుకుల కింద పాత దినపత్రిక పరిచి చూశాను. చుక్క పడలేదు. చాంబరు మూత సందుకు ఇనుప జాలీ వేయించాను. పాత పైపు ముక్క దులిపితే మా అమ్మాయి చిన్నప్పటి కాలి మువ్వ ఒకటి దొరికింది, అది పోయిందని అప్పట్లో పనిమనిషిని అనుమానించాం. ఈ ముక్క రాయడానికి సిగ్గుగానే ఉంది.

గంజిలో ఒక చెంబు చన్నీళ్లు కలిపే పోస్తున్నాను. మేస్త్రి గారూ, ఇంకొక్క మాట. గోడకు సిమెంటు చేయించి వెంటనే రంగు వేయించవచ్చా? ప్లంబరు రేపే వేసేయమంటున్నాడు.

తెనాలి మేస్త్రి:

వద్దమ్మా. మూడు నెలలు తాగిన గోడ అది. సిమెంటు చేయించి కనీసం నెల రోజులు గాలి తగలనివ్వండి. రేపే రంగు వేస్తే వానాకాలం రాకముందే మళ్లీ పెచ్చులు లేస్తాయి, అప్పుడు కొత్త పైపే కారుతోందని నా మీదికి వస్తారు.