మారెక్ చెష్లాక్: రైడర్‌గా, మేనేజర్‌గా. మ్యాచ్‌లో మేనేజర్ చేతిలో ఏముంటుంది?

ఎంవీపీ_రైడర్:
పోలండ్ స్పీడ్‌వే (మట్టి ట్రాక్ మీద బైక్ రేసులు) మాట వస్తే చెష్లాక్ పేరు రాక తప్పదు. రైడర్‌గా ఏం గెలిచాడు? ఎవరు ఏ హీట్‌లో, అంటే ఏ రేసులో నడపాలో చార్టులో ముందే ఉంటుంది కదా, మరి మేనేజర్‌కి మిగిలేదేంటి? భీమిలి వైపు డర్ట్ బైకులతో, హీట్‌కి నలుగురు చొప్పున ఇలాంటి పోటీ పెట్టాలనుకుంటున్నాం. వివరంగా చెప్పండి.

గాజువాక_పిట్స్:
1950లో పుట్టాడు. చెన్‌స్తొహోవా క్లబ్ 1974లో పోలండ్ లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు, 1977లో లండన్ వైట్ సిటీ తరఫున బ్రిటిష్ లీగ్ కూడా గెలిచాడు. జాతీయ జట్టు మేనేజర్‌గా వరల్డ్ కప్ 7 సార్లు: 2007, 2009, 2010, 2011, 2013, 2016, 2017. కానీ నాకు ఇంకా పెద్దగా అనిపించేది మేనేజర్‌గా క్లబ్బులకి పోలండ్ లీగ్ గెలిపించిన రికార్డు. 2006లో వ్రోత్స్వాఫ్, 2011లో జెలోనా గూరా, 2012లో తార్నూఫ్. జాతీయ జట్టుకి రైడర్లకు కొదవ ఉండదు. వరసగా రెండేళ్లు రెండు వేర్వేరు క్లబ్బుల్ని గెలిపించడం మాత్రం మేనేజర్ పనితనమే. 2021లో జాతీయ జట్టు మేనేజర్ కుర్చీలోకి వచ్చిన రఫావ్ దోబ్రూత్స్కి కూడా మాజీ రైడరే.

అక్కయ్యపాలెం_స్కోర్‌కార్డ్:
చార్టు గురించి నేను చెప్తాను. పోలండ్ లీగ్ మ్యాచ్‌లో హీట్‌కి జట్టుకి ఇద్దరు చొప్పున నలుగురు, స్థానాల వారీగా 3-2-1-0, అంటే 6 పాయింట్లు. 15 హీట్లకి 90. 46 వస్తే గెలుపు. రెండో హీట్ జూనియర్లది. చార్టు ముందే ఉన్నా, జట్టు 6 పాయింట్లు వెనకబడితే ట్యాక్టికల్ రిజర్వ్‌గా బలమైన రైడర్ని అదనంగా దింపొచ్చు. 14, 15 హీట్లకి రైడర్లని మేనేజరే ఎంచుకుంటాడు.

లెక్క చూడండి. 13 హీట్లయ్యాక 36-42తో వెనకున్నారనుకోండి, చివరి రెండూ 5-1 (మొదటి రెండు స్థానాలూ మనవే) కొడితే 46-44తో గెలుపు. అదే 35-43 అయితే రెండు 5-1లు కొట్టినా 45-45 డ్రాయే. కాబట్టి రిజర్వ్‌ని 14 దాకా దాచిపెడితే లాభం లేదు, తేడా 8కి చేరకముందే వాడేయాలి.

ఇక మాజీ రైడర్‌కి ఉండే కన్ను. హీట్లు నడిచేకొద్దీ లోపలి వైపు మట్టి బయటికి ఎగిరిపోయి నేల గట్టిపడుతుంది, పట్టు బయటి వైపు దొరుకుతుంది. మొదట్లో ఒకటో గేటు (అన్నిటికన్నా లోపలి స్టార్టింగ్ చోటు) మంచిదైతే, తర్వాత బయటి చివరనున్న నాలుగోది మేలు కావొచ్చు. గేట్లు చార్టు ప్రకారమే వస్తాయి గానీ, ఏ గేటుకి క్లచ్ ఎంత వదలాలో, వెనక స్ప్రాకెట్ ఒక పన్ను మార్చాలో వద్దో రైడర్‌కి చెప్పేవాడు కావాలి.

గాజువాక_పిట్స్:
భీమిలి పోటీకి రెండు మూడు మాటలు. ఎర్రమట్టి దిబ్బల జోలికి అస్సలు వెళ్లొద్దు, అది భూవారసత్వ స్థలం. అనుమతి తీసుకున్న మైదానమే చూసుకోండి. ముందురోజు రాత్రే నేల లోపలిదాకా తడపండి, పోటీకి ముందు పైపైన చిలకరిస్తే చాలు. అప్పటికప్పుడు గుమ్మరిస్తే కింద గట్టిగా, పైన జారుడుగా తయారవుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలికి పైపొర త్వరగా ఆరుతుంది, ఆ దుమ్ములో వెనకవాడికి దారి కనపడదు. నాలుగు హీట్లకోసారి బయటి మట్టిని లోపలికి లాగించండి.

ఎంవీపీ_రైడర్:
బ్రేకుల సంగతేంటన్నా? మా బండ్లకి ఉన్నాయి.

గాజువాక_పిట్స్:
స్పీడ్‌వే బండికి బ్రేకులే ఉండవు తమ్ముడూ. ముందున్నవాడు హఠాత్తుగా ఆగితే వెనకవాడు గుద్దేస్తాడు, అందుకే ఎవరికీ ఉండకూడదు. మీరు హీట్ నడుస్తుండగా ముందు బ్రేక్ ముట్టుకోకూడదని నియమం పెట్టుకోండి. అందరికీ మణికట్టుకి కట్టుకునే కిల్ స్విచ్ తాడు ఉండాలి, పడిపోగానే ఇంజిన్ ఆగిపోవాలి. అది లేని బండిని గేటు దగ్గరికే రానివ్వొద్దు.