సమస్య: అత్తకొరకు కోడ లాలి యయ్యె

నిర్వాహకులు: నిన్న రాత్రి బైబిలులోని రూతు గ్రంథం మళ్ళీ చదివాను. భర్త పోయాక అత్త నయోమి వెంట బేత్లెహేముకు వచ్చి, బంధువైన బోయజును పెళ్ళాడిన మోయాబు స్త్రీ రూతు కథ అది. నాలుగే అధ్యాయాలు. పుస్తకం మూసేసరికి పాదం దానంతట అదే వచ్చింది. రూతు కథతోనే పూరించండి.

అత్తకొరకు కోడ లాలి యయ్యె

కోనసీమ కోకిల:

పతిని గోలుపోయి పరదేశమున కేగి
పరిగె లేరి తెచ్చి బతుకు నడిపి
పోయినట్టి పేరు పొలముతోడ నిలుప
నత్తకొరకు కోడ లాలి యయ్యె.

గణవిభజన: మూడో పాదానికి నమస్కారం అమ్మా. బోయజు ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దల ముందు చెప్పిన మాట అదే: చనిపోయినవాడి పేరు అతని స్వాస్థ్యం, అంటే వారసత్వపు ఆస్తి, మీద నిలవాలని. అంతకంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు. పొలం కొంటానన్నాడు, రూతును కూడా చేసుకోవాలనగానే తన ఆస్తి చెడుతుందని, హక్కు వదులుకున్న గుర్తుగా చెప్పు తీసి ఇచ్చేశాడు. ఇంకొకరి పేరు నిలపనన్నవాడి పేరు గ్రంథంలో ఎక్కడా లేదు. మీ ‘పోయినట్టి పేరు’ చదవగానే అతడే గుర్తొచ్చాడు.

తాటాకు: ‘ఆలి’ అని అందరూ విరుస్తారు. నేను ‘లాలి’ అని విరిచాను. కోడలి లాలిపాట, అత్త కోసం.

బిడ్డ లిరువు రేగ పెనిమిటి మును పోవ
నయోమి మారయైన నాటి వెనుక
మనుమ డొడిని జేర మధుర గీతమ్ముగా
నత్తకొరకు కోడ లాలి యయ్యె.

గణవిభజన: తాటాకు గారూ, ఊహ బాగుంది, కానీ రెండు చోట్ల జారారు. ‘నయోమి’ జగణం (లఘువు, గురువు, లఘువు), ఆటవెలది రెండో పాదంలో ఉండాల్సిన సూర్యగణంలో ఇమడదు. ఇక ‘లాలి’ అని విరిస్తే యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన మైత్రి, పోయింది. ‘కోడలు + ఆలి’ అయితేనే అ-ఆ కుదురుతాయి. ‘కోడ’ అంటే కోడలి అని సరిపెట్టుకోవడం కూడా కష్టమే.

తాటాకు: నయోమి నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. కానీ పోయిన నెల పూరణలో యోనా ప్రవక్తను తిమింగలం నోట్లో వేసింది మీరే కదా. గ్రంథంలో ఉన్నది ‘గొప్ప మత్స్యము’. అప్పుడు మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

గణవిభజన: తిమి అనే పెద్ద చేపను మింగేది తిమింగిలం. మాట పుట్టింది చేపతోనే. ఆ పూరణ ఈ రోజు రాసినా అలాగే రాస్తాను.

కోనసీమ కోకిల: అన్నయ్యలూ, యోనా సంగతి తర్వాత. తాటాకు గారి రెండో పాదం ఇలా ఉంటే?

మారనంచు దల్లి మథనపడగ

బేత్లెహేము ఆడవాళ్ళు ‘ఈమె నయోమి కదా’ అంటే, ఆమె తనను మారా అని పిలవమంది. మధురం అనే పేరు వదిలి చేదు అనే పేరు. ఆ మాట తన నోటితోనే రావాలి.

తాటాకు: తీసుకున్నానమ్మా. నాది కంటే బాగుంది.

గణవిభజన: లాలిపాటను వదలబుద్ధి కాలేదు. బిడ్డను ఎత్తుకుని పెంచింది నయోమే. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నయోమికి కొడుకు పుట్టాడనే అన్నారు, ఏడుగురు కొడుకులకంటే ఈ కోడలు ఎక్కువన్నారు. ‘అత్తకొరకు’ అన్న మాటకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఒడియు బోసిపోయి యున్న నయోమికి
మరల లాలిపాట మనసు నింప
పొరుగు దేశమందు బుట్టియు బోయజు
కత్తకొరకు కోడ లాలి యయ్యె.

కోనసీమ కోకిల: ‘ఉన్న న / యోమికి’ అని రెండు భగణాల్లోకి (గురువు, రెండు లఘువులు) ఆ పేరును దింపారు! ఎవరికి ఆలి అన్న ప్రశ్నకు ‘బోయజుకు’ జవాబైంది.

తాటాకు: విరుపు అద్భుతం, మనసారా అంటున్నాను. కానీ ‘బోయజుకు’ వాడుక మాట. పద్యంలో ‘బోయజునకు’ అనాలి. యు తీసేస్తే చోటు దొరుకుతుంది:

పొరుగు దేశమందు బుట్టి బోయజునకు
నత్తకొరకు కోడ లాలి యయ్యె.

గణవిభజన: వ్యాకరణం మీ వైపే ఉంది. కానీ ఆ ‘యు’ పోతే నా పద్యమే పోతుంది. మోయాబీయులు పదో తరం వరకు కూడా సమాజంలో చేరకూడదని బైబిలులోని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. ఈమె ఆ మోయాబు స్త్రీ. అయినా ఆమెకు ఓబేదు, ఓబేదుకు యెష్షయి, యెష్షయికి దావీదు. యూదులు వారాల పండుగనాడు నేటికీ ఈమె కథ చదువుకుంటారు. ‘పుట్టి’ అంటే ఎక్కడ పుట్టిందో చెప్పినట్టే, ‘పుట్టియు’ అంటేనే ఆ అడ్డు దాటిందని తెలుస్తుంది.

తాటాకు: ఆ ‘యు’ మీద ఇంత బరువుందని నాకు తట్టలేదు. అయినా ‘బోయజుకు’ నా చెవికి గుచ్చుకుంటూనే ఉంది.

నిర్వాహకులు: రెండు పాఠాలూ ఒకదాని కింద ఒకటి సంకలనంలో ఉంచుతున్నాను. తాటాకు గారూ, మారిన రెండో పాదంతో మీ పద్యం మళ్ళీ పంపండి. ‘లాలి’ని పై పాదాల్లోకి తెచ్చి, చివర ‘ఆలి’ని ఉండనివ్వండి.