వ్యాసమంటే నోట్సు కాదంట, మరి ఎట్లా రాసేది? (బీఏ మొదటి సంవత్సరం, అనంతపురం)

గడియారస్తంభం_05 అడిగిన ప్రశ్న

బీఏ హిస్టరీ, మొదటి సంవత్సరం. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. అసైన్‌మెంట్ ఇది: "1876–78 కరువుకు వానలు లేకపోవడం ఒక్కటే కారణమా? రాయలసీమ జిల్లాల ఆధారంగా చర్చించండి." 1500 పదాలు. తెలుగులో రాయొచ్చు, ఫుట్‌నోట్లు మాత్రం ఉండల్ల. ఇంకా మూడు వారాలు టైం ఉంది.

కారణాలు, ప్రభావాలు, సహాయ చర్యలు, ముగింపు అని సైడ్ హెడ్డింగులు పెట్టి డ్రాఫ్ట్ రాసి చూపిస్తే, "ఇది నోట్సు. నీ వాదన ఎక్కడ?" అని మార్జిన్‌లో రాసిచ్చినారు. పరీక్షల్లో ఇట్లా రాస్తేనే కదా మార్కులు పడేది? వాదన అంటే నా సొంత అభిప్రాయం రాయమనా? 1500 పదాలు ఎట్లా పంచుకోవల్ల? పాఠ్యపుస్తకం, గైడు కాకుండా ఇంకేం చదవల్ల? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పెన్నగట్టు

పరీక్ష జవాబు వేరు, వ్యాసం వేరు తమ్ముడూ. పరీక్షలో దిద్దేవాళ్ల ముందు కట్టలు కట్టలు పేపర్లుంటాయి. సైడ్ హెడ్డింగు, దాని కింద గీత కనిపిస్తే పాయింటు ఉందని తెలిసిపోతుంది, మార్కు పడుతుంది. అక్కడ అదే సరైన పద్ధతి, మానొద్దు. అసైన్‌మెంట్‌లో చూసేది నీకు ఎన్ని పాయింట్లు తెలుసని కాదు, ఆ పాయింట్లతో ఏం తేల్చినావని.

ముందు ప్రశ్నను విడగొట్టు. నీ ప్రశ్నలో బరువంతా "ఒక్కటే" అనే మాట మీద ఉంది. ఆ మాట తీసేస్తే "కరువు కారణాలు రాయండి" అయిపోతుంది. నువ్వు జవాబు రాసింది ఆ రెండో ప్రశ్నకే. ఇంకొకటి: "వివరించండి" అంటే ఎట్లా జరిగిందో చెప్పమని, "చర్చించండి" అంటే అటూ ఇటూ ఉన్న బలం తూచి ఏదో ఒకవైపు తేల్చమని. తేల్చకుండా "రెండూ కారణాలే" అని ముగిస్తే సగం పనే చేసినట్టు. రెండింటికీ సంబంధం ఏంటో చెప్పాలి.

వాదన అంటే అభిప్రాయం కాదు. "బ్రిటిష్ వాళ్లు దుర్మార్గులు" అనేది అభిప్రాయం. "1876లో వానలు పడలేదు" అనేది వాస్తవం, కాదనేవాళ్లు ఎవరూ లేరు. "వానలు పోవడం పంటను పోగొట్టింది, కానీ పంట పోవడం ఇన్ని చావులుగా మారింది ధాన్యం ధర వల్ల, సహాయ పనుల్లో ఇచ్చిన చాలీచాలని కూలి వల్ల" అంటే అది వాదన. చదువుకున్న మనిషి ఎవరైనా దాన్ని కాదనొచ్చు, నువ్వు ఆధారం చూపించి నిలబెట్టొచ్చు. నీ వాక్యాన్ని తిరగేసి చూడు. తిరగేసిన వాక్యం మరీ పిచ్చిమాటలాగా ఉంటే, నీ దగ్గర ఉన్నది వాదన కాదు, వాస్తవం.

పదాల లెక్క ఉజ్జాయింపుగా: మొదటి పేరా 150, చివరి పేరా 120, మధ్యలో అయిదు పేరాలు ఒక్కోటి 230–250. ఆరేడు పేరాలు పెట్టాలనుకుంటే ఒక్కోదానిలో ఆధారం ఇమడదు, మళ్లీ నోట్సే అవుతుంది.

ఆ అయిదింటిలో మొదటిదాన్ని అనావృష్టికే ఇవ్వు. నీ వాదనకు ఎదురుగా నిలబడేది అదే కాబట్టి, దాని బలం ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పేది నమ్ముతారు. రెండో పేరా ధాన్యం, ధరలు. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు రైలు మార్గం 1871కే ఉంది. అంటే ధాన్యం కదిలే దారి ఉంది, కొనే డబ్బు కూలీ చేతిలో లేదు. మూడోది సహాయ పనుల కూలి. నాలుగోది భూమిశిస్తు: పంట పండినా ఎండినా డబ్బు రూపంలో కట్టే పద్ధతి రైతును ఏ స్థితిలో ఉంచింది అన్నది. అయిదోది నీకు వ్యతిరేకంగా చెప్పగలిగిన గట్టి మాట. అదే రైలు మద్రాసు రేవు నుంచి ధాన్యం లోపలికి తెచ్చింది కూడా. రైలే లేకుంటే ఇంకా ఘోరంగా ఉండేది అనే వాళ్లున్నారు. దానికి జవాబు చెప్పకుండా దాటేస్తే సారుకు మొదట కనిపించేది అదే.

పేరా లోపల ఏం జరగాలో చూపిస్తా. (టెంపుల్ అంటే ఈ కరువు సహాయాన్ని చూడమని భారత ప్రభుత్వం మద్రాసుకు పంపిన అధికారి.) నోట్సు పద్ధతి: "టెంపుల్ 1877లో కూలి తగ్గించాడు. రోజుకు ఒక పౌండు ధాన్యం, కొద్దిగా డబ్బు ఇచ్చారు. ప్రజలు చాలా కష్టాలు పడ్డారు."

వ్యాసం పద్ధతి: "పంట పోయాక ప్రాణం నిలబెట్టాల్సింది సహాయ పనులు, వాటిలో ఇచ్చిన కూలే ప్రాణం నిలిపేంత లేదు. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకు ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, పైన కొద్దిగా డబ్బు అని ఖాయం చేశాడు. శ్రమ చేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్య అధికారి) కార్నిష్ అప్పుడే అభ్యంతరం చెప్పాడు. కూలి చాలదన్నది తర్వాతి తరం వేసిన నింద కాదు, ఆనాటి ప్రభుత్వం లోపలే వినిపించిన మాట."

రెండింట్లోనూ ఉన్న వాస్తవం దాదాపు ఒకటే. రెండోదానిలో మొదటి వాక్యం ఈ పేరా ఎందుకుందో చెప్పింది, చివరి వాక్యం ఆ వాస్తవం నుంచి ఏం తేలిందో చెప్పింది. నీ డ్రాఫ్ట్‌లో లేనివి ఈ రెండే అయి ఉంటాయి.

బురుజునీడ (కర్నూలు)

ఆధారాల గురించి చెప్తా. ముందు ఒక గుంత ఉంది, అందరూ పడేది అందులోనే. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. 1876–78లో అది బళ్లారి జిల్లాలో భాగం. కాబట్టి ఆనాటి కాగితాల్లో "అనంతపురం జిల్లా" అని వెతికితే ఏమీ దొరకదు. బళ్లారి కింద వెతికి, గుత్తి, ధర్మవరం, పెనుగొండ లాంటి తాలూకాల పేర్లు పట్టుకోవాలి. ఇంటర్నెట్‌లో అయితే దొరల కాలపు స్పెల్లింగు వాడాలి. కడపను "కడ్డపా" అని, రెండు డి అక్షరాలు, చివర హెచ్ పెట్టి రాసేవాళ్లు.

చదవాల్సినవి (గెజిటీర్, మాన్యువల్ అంటే ఒక్కో జిల్లా వివరాలతో ప్రభుత్వం వేయించిన పుస్తకాలు): 1905 నాటి అనంతపురం గెజిటీర్ (ఫ్రాన్సిస్), 1915 నాటి కడప గెజిటీర్ (బ్రాకెన్‌బరీ), 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్ (గోపాలకృష్ణమ చెట్టి). మూడింట్లోనూ కరువుల గురించి ఉంది, మొత్తం పుస్తకం చదవక్కర్లేదు. 1878లో విలియం డిగ్బీ ఈ కరువు మీద రెండు సంపుటాలు వేశాడు. 1880 నాటి ఫామిన్ కమిషన్ నివేదిక కూడా చూడు. ఇంత పాతవి కాబట్టి స్కాన్ కాపీలు ఉచితంగా దొరుకుతాయి. కాగితం పుస్తకమే కావాలంటే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ లైబ్రరీలో అడుగు. కడప వైపు వెళ్తే సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలోనూ అడగొచ్చు.

ఎవరు రాశారో చూడకుండా ఏదీ వాడొద్దు. గెజిటీర్ ప్రభుత్వ ఉద్యోగి రాసింది, కమిషన్ ప్రభుత్వం వేసింది. డిగ్బీ మద్రాసులో పత్రికా సంపాదకుడు, టెంపుల్ కూలిని విమర్శించినవాడు. ముగ్గురూ ఒకే సంగతి ఒప్పుకుంటే అది గట్టి ఆధారం. ఇంట్లో పెద్దవాళ్లు "ధాత కరువు" అని చెప్పేదీ దీన్నే, 1876–77 ధాత సంవత్సరం. అయితే అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది, 1936–37 కూడా ధాతే. పాటో సామెతో వాడుకునేముందు ఏ ధాతో తేల్చుకో.

నోట్సు రాసేటప్పుడు పేజీని నిలువుగా రెండు చేయి. ఎడమవైపు పుస్తకంలోని మాట, పేజీ నంబరు. కుడివైపు దాంతో నీకేం పని అన్నది. పేజీ నంబరు అప్పటికప్పుడే వేయకపోతే చివరి రాత్రి 600 పేజీల స్కాన్ తిప్పుతూ కూర్చోవాల్సి వస్తుంది. ఫుట్‌నోట్‌లో రచయిత, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం, పేజీ ఇవ్వాలి. వెంటనే మళ్లీ అదే పుస్తకమైతే "పైదే" అని పేజీ నంబరు చాలు. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేసి వాడితే "అనువాదం నాది" అని నోట్‌లో పెట్టు. చాట్‌బాట్‌ను అడిగి తెచ్చిన పేజీ నంబర్లు మాత్రం తెరిచి చూడకుండా వేయొద్దు, లేని పేజీలు కూడా ధైర్యంగా చెప్తాయవి.

వేరుశనగ_చేను

పెన్నగట్టు గారి పంపకం బాగుంది గానీ భూమిశిస్తు పేరాతో జాగ్రత్త. ఇక్కడ జారితే 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చినప్పటి నుంచి, కలెక్టర్ మన్రో, రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ, మొత్తం కథ మొదలవుతుంది. 250 పదాలు అక్కడే కరిగిపోతాయి. 1876లో రైతు పరిస్థితికి సంబంధించిన రెండు వాక్యాలు చాలు. "ప్రాచీన కాలం నుండి కరువులు మానవాళిని..." అనే మొదటి పేరా కూడా కొట్టెయ్. మొదటి పేరాలో ఏ కరువు, ఏ జిల్లాలు, ప్రశ్న ఏంటి, నీ జవాబు ఏంటి, ఈ నాలుగే ఉండాలి. దాన్ని ఇప్పుడు రఫ్‌గా రాసుకుని, మిగతా అంతా అయ్యాక కొట్టేసి కొత్తగా రాయి. రాస్తా రాస్తా వాదన మారుతుంది, పాత ఉపోద్ఘాతం మాత్రం మారకుండా కూర్చుంటుంది.

మిద్దెబడి (కడప)

తెలుగు గురించి ఎవరూ చెప్పలేదు. "కూలి తగ్గించబడింది", "ఎగుమతి ఆపబడలేదు" అని రాయొద్దమ్మా. వినడానికి బాగుండదన్నది చిన్న సంగతి. చరిత్ర వ్యాసంలో ఆ "బడు" చేసినవాడిని దాచేస్తుంది. తగ్గించింది ఎవరు? ఆపనిది ఎవరు? కర్త పేరు రాస్తే వాదన దానంతట అదే బిగుస్తుంది.

"అందువల్ల", "కాబట్టి" పెట్టినచోటల్లా ఆగి, నిజంగా ముందు వాక్యం వల్లే ఇది జరిగిందా అని అడుగు. సగం చోట్ల "ఆ తర్వాత" అని ఉండాలి. "హృదయవిదారక", "దారుణాతిదారుణ" లాంటివి తీసెయ్యి, 450 గ్రాములు అన్న అంకె ఆ పని చేస్తుంది. క్రియ చివర వస్తుంది కాబట్టి మన వాక్యం పొడుగైతే చదివేవాళ్లు మొదలు మర్చిపోతారు. ఇరవై పదాలు దాటితే విరిచెయ్యి.

డ్రాఫ్ట్ అయ్యాక ఒక్కో పేరా పక్కన అది ఏం నిరూపించిందో ఒక్క లైను రాయి. లైను రాయడానికి రాకపోతే ఆ పేరా పోవాల్సిందే. రెండు పేరాలకు ఒకే లైను వస్తే కలిపెయ్యి. ఇంకో సంగతి, 1500 పదాల హద్దు ఇంగ్లీషును బట్టి పెట్టారేమో కనుక్కో. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే విషయం ఇంకా తక్కువ పదాల్లో అయిపోతుంది. నింపడం కోసం సాగదీసే పని తప్పుతుంది.

గడియారస్తంభం_05

అందరికీ థ్యాంక్స్. బళ్లారి సంగతి అసలు తెలీదు, అందుకే ఏమీ దొరకలేదు. వాదన ఇట్లా రాసుకున్నా, చూడండి: "1876–78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో పంటను పోగొట్టింది అనావృష్టి, కానీ మరణాలకు ఏకైక కారణం ప్రభుత్వ విధానమే."

పెన్నగట్టు

మొదటి సగం ఉంచు. "ఏకైక" తీసెయ్. సారు "ఒక్కటే" అని అడిగితే నువ్వు ఇంకో "ఒక్కటే"తో జవాబిస్తున్నావు. కలరా, జ్వరాలతో పోయినవాళ్లను ఆ వాక్యంలో ఎక్కడ పెడతావు? "మరణాలను అంత పెంచింది" అని రాస్తే తిండి లేక బలహీనపడి రోగాలకు చిక్కినవాళ్లు కూడా నీ వాదనలోకే వస్తారు. "ప్రభుత్వ విధానం" బదులు ఏ విధానమో పేరు పెట్టు: ధాన్యం వ్యాపారంలో జోక్యం చేసుకోకపోవడం, సహాయ పనుల కూలి. ఆ రెండు మాటలే నీ రెండో, మూడో పేరాలు. వరస మాత్రం మార్చకు.