వృద్ధాశ్రమానికి ఐఎస్ఓ ఎందుకు?

రావిచెట్టు: మా ఊరి వృద్ధాశ్రమం గుమ్మానికి ఐఎస్ఓ 9001 (సంస్థ పనితీరు నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ పటం వేలాడదీశారు. అన్నదానానికని ఇచ్చిన చందాలోంచే ఆడిటరు ఫీజు కట్టారట. ముసలివాళ్లకు ఇంత గంజి పోయడానికి జెనీవా అనుమతి కావాలా?

లెక్కల మాస్టారు: జెనీవాలోని ఐఎస్ఓ అనే ప్రమాణాల సంస్థ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ప్రమాణం రాయడం వరకే దాని పని. తనిఖీ చేసి ఇచ్చేవి వేరే సంస్థలు. మూడేళ్లు చెల్లుతుంది, మధ్యలో ఏటా తనిఖీ ఉంటుంది.

రావిచెట్టు: ఎవరిస్తే ఏమిటి, డబ్బు పోయిందా లేదా?

తులసికోట: మా ట్రస్టు ఐఎస్ఓ తీసుకున్నది నిధుల కోసమే, దాపరికం ఎందుకు? సీఎస్ఆర్ సొమ్ముకు, అంటే కంపెనీలు సేవకు ఇచ్చే డబ్బుకు, చట్టం అడిగేది సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదు. మేము వెళ్లిన కంపెనీ మాత్రం ఐఎస్ఓ ఉందా అని అడిగింది.

రావిచెట్టు: అదిగో, ఒప్పుకున్నారు!

లెక్కల మాస్టారు: మా అమ్మ ఒక ఆశ్రమంలో ఉండేది, పేరు వద్దు. పగటి ఆయా బీపీ మాత్ర వేసి ఇంటికి వెళ్లింది. రాత్రి ఆయా వచ్చి మళ్లీ వేసింది. తెల్లవారుజామున అమ్మ మంచం పక్కన కూలబడి ఉంది. అడిగితే "కన్నతల్లిలా చూసుకుంటున్నాం సార్" అన్నారు. ఎవరు, ఎన్నింటికి వేశారో రాసిన కాగితం ముక్క లేదు. 9001లో 10.2 నిబంధన చెప్పేది ఇదే: తప్పు జరిగితే కారణం వెతకాలి, మళ్లీ జరగకుండా ఏమి చేశారో రాసిపెట్టాలి.

రావిచెట్టు: అమ్మగారికి అలా జరగకూడదు. కానీ దానికి ఇరవై రూపాయల నోటుపుస్తకం చాలు కదా.

లెక్కల మాస్టారు: పుస్తకం ఎవరైనా కొంటారు. దాన్ని తెరిచి చూసే బయటివాడు కావాలి.

రావిచెట్టు: బయటివాడా! నా భార్య 14 ఏళ్లుగా అలాంటి చోటే వంట చేస్తోంది. మొన్న తనిఖీకి ముందు రాత్రి రెండు నెలల వంటగది రిజిస్టరు ఆమె చేత నింపించారు. ఒకే చేతిరాత అయినా రోజులు వేరని తెలియాలని మూడు పెన్నులు ఇచ్చారు. జీతం పెంచమంటే "ఇది సేవ అమ్మా" అంటారు. సంతకం దగ్గరికి వచ్చేసరికి ఉద్యోగి.

తులసికోట: మాకూ పెన్నుల సంగతి తెలుసు.

లెక్కల మాస్టారు: అది దొంగరాత, నేను సమర్థించను. ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. పనికి సరిపడా మనుషులను పెట్టాలని 7.1.2 నిబంధనలో ఉంది, అది చూపి యాజమాన్యాన్ని అడగమని ఆవిడకు చెప్పండి.

రావిచెట్టు: వాళ్ల జీతం గురించి ఉందా?

లెక్కల మాస్టారు: లేదు.